హావ్‌లాక్‌లో మా తొలి రోజులు

హావ్‌లాక్ అండమాన్‌లో ఒక దీవి. హైదరాబాద్ నుంచి అండమాన్‌కి విమానంలో సుమారు రెండున్నర గంటలు. అందులో చాలాసేపు కింద బంగాళాఖాతం తప్ప మరేమీ కనిపించదు. దిగే ముందు మాత్రం ఆ ముదురు నీలం ఉన్నట్టుండి పలచబడింది. అడవితో నిండిన దీవులు, వాటి చుట్టూ లేత ఆకుపచ్చ నీళ్లు, ఆ నీళ్లకి వెలుపలి అంచున సన్నటి తెల్ల గీత. అలలు ఒడ్డు దాకా రాకుండా అంత దూరంలోనే విరిగిపోతున్నాయి. ఎందుకలా అని మా ఆయన్ని అడిగాను.

"ఆడ నీళ్ల కింద పగడపు దిబ్బ ఉంటది. అల దానికి కొట్టుకుని ఆడ్నే ఆగిపోతది. ఒడ్డుకొచ్చేసరికి దానికి బలం ఉండదు" అన్నారు. ప్రయాణానికి ముందు నెల రోజులు ఆయన చదివింది ఇవే.

ఆ తెల్ల గీత గురించే నేను ఇదంతా రాస్తున్నానని చెప్పాలి. ఎందుకో ముందుకు వెళ్లాక తెలుస్తుంది.

మేం వెళ్లింది ఫిబ్రవరిలో. ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గిపోయి, నైరుతి ఇంకా రాని కాలం. సముద్రం నిదానంగా ఉండే నెలలివే. అబ్బాయి హాస్టల్‌కి వెళ్లిపోయాక ఇద్దరం మాత్రమే కలిసి పెట్టుకున్న మొదటి ప్రయాణం కూడా ఇదే. అంతకుముందు ఎక్కడికి బయల్దేరినా వెనక ఒక పెళ్లో, మొక్కో, పిల్లాడి సెలవులో ఉండేది.

మేం విమానం దిగిన పోర్ట్ బ్లెయిర్‌కి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. మాకు తగిలిన ఆటో అతను మాత్రం ఇంకా పోర్ట్ బ్లెయిరే అంటున్నాడు. మేమిద్దరం మాట్లాడుకోవడం విని, వెనక్కి తిరక్కుండానే "తెలుగోళ్లాండి?" అని అడిగాడు. వాళ్ల తాత ఇచ్ఛాపురం దగ్గర నుంచి చేపల వేటకి వచ్చి జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డారట. "నాను పుట్టిందిక్కడేనమ్మా. ఇంట్లో తెలుగే, బయట హిందీ, బేరానికి బెంగాలీ" అన్నాడు. జంగ్లీఘాట్‌లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చిన మత్స్యకార కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు అని నమోదైంది. ఈ అంకె ముందే తెలుసు నాకు. అయినా సముద్రం దాటి వచ్చి ఆటో ఎక్కగానే ఉత్తరాంధ్ర యాస వినిపించడం వేరు. దిగేటప్పుడు అతను "హావ్‌లాక్‌లో ఎండకి జాగర్తమ్మా, పది దాటితే కాల్చేస్తాది" అని చెప్పి మరీ వెళ్లాడు.

సెల్యులర్ జైలు చూడకుండా హావ్‌లాక్ వెళ్లకూడదని ముందే అనుకున్నాం. 1896లో మొదలుపెట్టి 1906కి పూర్తి చేసిన కట్టడం అది. మధ్యలో ఒక బురుజు, దాన్నుంచి ఏడు వైపులకి ఏడు విభాగాలు. ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక్కో గది 13.5 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. ప్రతి విభాగం ముందుభాగం ఇంకో విభాగం వెనక గోడకి ఎదురుగా ఉంటుంది, ఖైదీకి ఖైదీ కనపడకుండా. మేడ మీదకి ఎక్కితే చుట్టూ అందమైన సముద్రం. గదిలో నిలబడితే సముద్రమే లేదు. రంపా పోరాటంలో శిక్ష పడినవాళ్లలో కొందరిని ఇక్కడికే తెచ్చారు. మన్యం కొండల్లో పుట్టి పెరిగిన మనుషుల్ని ఓడెక్కించి, ఇన్ని నీళ్లు దాటించి, ఈ గదుల్లో పెట్టి తలుపు గడియ చెయ్యి అందనంత దూరంలో గోడలోకి బిగించారు. ఆ గడియ దగ్గర మా ఆయన చాలాసేపు నిలబడ్డారు. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. విహారానికి వచ్చినవాళ్లు ముందు ఇక్కడికి రావడమే సరైన వరస అని నా అభిప్రాయం.

మర్నాడు పొద్దున్నే ఓడలో హావ్‌లాక్. సుమారు రెండు గంటల దారి. 2018 డిసెంబరు నుంచి దీని పేరు స్వరాజ్ ద్వీప్. పక్కనున్న నీల్ ద్వీపం షహీద్ ద్వీప్. నేతాజీ 1943 డిసెంబరు 30న పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేసి డెబ్బై ఐదేళ్లయిన సందర్భంగా పెట్టిన పేర్లు. ఊళ్ల పేర్లు మాత్రం అంతకుముందు నుంచీ ఉన్నవే: గోవిందనగర్, రాధానగర్, శ్యామ్‌నగర్, కృష్ణానగర్, విజయ్‌నగర్. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ వదిలి వచ్చిన కుటుంబాలకి ప్రభుత్వం 1950ల్లో ఇక్కడ అడవి కొట్టించి భూములిచ్చింది. వాళ్లు పెట్టుకున్న పేర్లవి. అందుకే బీచ్ నుంచి రెండడుగులు లోపలికి వేస్తే విహార స్థలం అయిపోయి పల్లెటూరు వచ్చేస్తుంది. చెరువు, వరి మడి, వక్కతోట, పెరట్లో అరటి, వసారాలో తులసి. మాకు ఆ రెండు ప్రపంచాల మధ్యనే ఉన్న ఒక చిన్న బస దొరికింది, విజయ్‌నగర్ ఒడ్డున.

ఇక్కడి పొద్దు గురించి చెప్పాలి. దేశమంతటికీ గడియారం పెట్టుకున్న రేఖాంశం 82.5 డిగ్రీల మీద, మన కాకినాడ పక్క నుంచి పోతుంది. హావ్‌లాక్ 93 డిగ్రీల దగ్గర ఉంది. హైదరాబాద్‌తో పోలిస్తే సూర్యుడు ఇక్కడికి దాదాపు గంట ముందొస్తాడు. గడియారం మాత్రం మారదు. ఐదున్నరకల్లా వెలుతురు, సాయంత్రం ఐదున్నరకల్లా అస్తమయం. మొదటి రాత్రి ఏడింటికి భోంచేసి బయటికొస్తే అర్ధరాత్రిలా ఉంది. ఇద్దరం ఎనిమిదికే పడుకున్నాం. హైదరాబాద్‌లో ఆయన ఆఫీసు కాల్స్ తెమిలేది పదిన్నరకి. నేను వంటగది సర్దుకుని పడుకునేసరికి పదకొండు. ఇన్నేళ్లలో ఇద్దరం ఒకే సమయానికి నిద్రపోయి ఒకే సమయానికి లేచిన రోజులు తక్కువ. ఇక్కడ అది మా ప్రయత్నం లేకుండానే జరిగింది. తెల్లవారుజామున ఒకేసారి మెలకువ వచ్చి, ఒకేసారి చెప్పులు వెతుక్కున్నాం.

బయటికి వస్తే సముద్రం లేదు.

రాత్రి బస ముందున్న చెట్ల మొదళ్లకి తగిలిన నీళ్లు తెల్లారేసరికి ఎక్కడికో వెళ్లిపోయాయి. తడి ఇసుక, మధ్యమధ్యలో నల్లటి రాళ్లు, వాటి సందుల్లో చిన్న చిన్న మడుగులు. అసలు నీళ్లు ఎక్కడో దూరంగా గీతలా ఉన్నాయి. పౌర్ణమి వెళ్లి ఒకటి రెండు రోజులే అయింది, పోటూ పాటూ రెండూ బలంగా ఉండే రోజులు. విశాఖలోనూ ఆటుపోట్లు చూశాను గానీ, అక్కడ ఒడ్డు వాలుగా ఉంటుంది కాబట్టి నీళ్లు కొంచెమే వెనక్కి జరుగుతాయి. ఇక్కడ అడుగు దాదాపు సమతలం. నీటిమట్టం కాస్త తగ్గినా ఒడ్డు ఊరంత పెద్దదైపోతుంది.

ఆ తడి ఇసుక మీద మోకాళ్ల మీద కూర్చుని చూసినవి ఎన్నో. అన్నిటికన్నా గుర్తుండిపోయినవి శంఖాల్లో కాపురముండే పీతలు. బఠాణీ గింజంత నుంచి నిమ్మకాయంత వరకు ఉన్నాయి. దూరం నుంచి ఒడ్డంతా గవ్వలు, శంఖాలు చెల్లాచెదురుగా పడున్నట్టు కనిపిస్తుంది. దగ్గరికెళ్లి కదలకుండా కూర్చుంటే ఒక్కొక్కటే లేచి నడవడం మొదలుపెడుతుంది. ఈ పీతలకి పొట్ట భాగం మెత్తన, దానికి సొంత పెంకు ఉండదు. చచ్చిపోయిన నత్త వదిలేసిన శంఖంలో దూరి దాన్ని మోసుకుని తిరుగుతాయి. ఒళ్లు పెరిగితే ఇల్లు మార్చాలి. ఒకటి అలా మారడం చూశాం. కొత్త శంఖం మూతి చుట్టూ కాళ్లతో తడిమింది. లోపలికి కొండి పెట్టి ఇసుక తీసింది. కాసేపు ఆగింది. తర్వాత పాత శంఖంలోంచి మెలికలు తిరిగిన గులాబీరంగు ఒళ్లు బయటికి లాగి, రెప్పపాటులో కొత్తదాంట్లోకి దూరిపోయింది. అది ఖాళీ చేసిన శంఖంలోకి ఇంకాసేపటికి మరో చిన్న పీత వచ్చి చేరింది.

ఇక్కడి నుంచి గవ్వలు, పగడాలు తీసుకెళ్లొద్దని జెట్టీ దగ్గర, విమానాశ్రయంలో బోర్డులున్నాయి. సామాన్ల తనిఖీలో తీయించేస్తారు కూడా. పగడాలకి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. కానీ ఆ పీతని చూసినవాళ్లకి చట్టం చెప్పక్కర్లేదు. మనం జేబులో వేసుకునే అందమైన ఖాళీ శంఖం మరొకరికి రేపటి ఇల్లు.

ఇక సముద్రంలోకి దిగిన సంగతి.

నేను విశాఖ ఆడపిల్లని. ఆర్కే బీచ్‌కి నడిచి వెళ్లేంత దూరంలో మా ఇల్లు. చిన్నప్పటి ఆదివారం సాయంత్రాలన్నీ ఆ ఇసుకలోనే గడిచాయి. అయినా సముద్రంలో పిక్కల దాటి తడిసింది లేదు. మా అమ్మ ఒడ్డున కూర్చుని మురీ మిక్చర్ పొట్లం పట్టుకుని కూడా కన్ను మా మీద నుంచి తీసేది కాదు. "అదిగో, కాళ్ల కింద ఇసక లాగేస్తంది, వచ్చేయండి" అని అరుస్తూనే ఉండేది. ఆమె భయం ఉత్తది కాదు. అక్కడ సముద్రానికి అడ్డేమీ లేదు. బంగాళాఖాతం మీద లేచిన అల నేరుగా ఒడ్డుకొచ్చి విరుగుతుంది, వెనక్కి పోయేటప్పుడు మనుషుల్ని లాక్కుపోతుంది. ప్రతి ఏడాదీ సరదాగా దిగిన కుర్రాళ్లు కొట్టుకుపోయిన వార్త చదువుతూనే పెరిగాం. కాబట్టి సముద్రమంటే మాకు చూసేది, వినేది, దణ్ణం పెట్టుకునేది. లోపలికి వెళ్లేది కాదు.

మా ఆయనది హనుమకొండ వైపు. ఆయన ఊళ్లో సముద్రం లేదు గానీ బావులున్నాయి. ఏడెనిమిదేళ్లకే నడుముకి తాడు కట్టి వ్యవసాయ బావిలోకి దింపారట వాళ్ల చిన్నాన్న. ఆయన నీళ్లలోకి దూకితే చప్పుడు కూడా తక్కువే. పొద్దున తొమ్మిది దాటాక పోటు వచ్చి ఆ ఖాళీ ఇసుకంతా మళ్లీ నిండింది. ఆయన ఛాతీలోతు దాకా వెళ్లి వెల్లకిలా పడుకుని, చేతులు కాళ్లు వదిలేసి అలాగే ఉండిపోయారు. నేను భయపడి పిలిచాను.

"బావిలోనైతే తేలాలంటే కాళ్లాడియ్యాలె. ఈడ ఉప్పునీళ్లే మోస్తున్నయ్. రా, ఏం గాదు. అడుగు కనపడుతనే ఉంది గద."

నిజమే, అడుగు కనపడుతోంది. నా పాదాల వేళ్లు కనపడుతున్నాయి. అల అన్నది లేదు, నీళ్లు మెల్లగా ఊగుతున్నాయంతే. దూరంగా, నీలం మొదలయ్యే చోట, తెల్ల గీత. విమానంలోంచి చూసిన గీత అదే. మా అమ్మ భయపడిన అల ఇక్కడా పుడుతోంది, కానీ ఆ దిబ్బ దాన్ని అక్కడే ఆపేస్తోంది. నడుము దాకా వెళ్లాను, తర్వాత భుజాల దాకా. ఆయన నా వీపు కింద రెండు చేతులు పెట్టి పట్టుకున్నారు. చెవుల్లోకి నీళ్లు పోయి లోకం నిశ్శబ్దమైంది. కాసేపటికి చూస్తే ఆయన చేతులు నా కింద లేవు.

ఆ సాయంత్రమే స్కూబాకి, అంటే గాలి సిలిండరు కట్టుకుని నీళ్ల అడుగుకి దిగడానికి, పేర్లిచ్చాం. ఈత రానివాళ్లని కూడా తీసుకెళ్తారు, ఒక్కొక్కరికి ఒక్కో శిక్షకుడు ఉంటాడు, 12 మీటర్లకి మించి దింపరు. ముందు ఆరోగ్యం గురించి ఒక ఫారం నింపిస్తారు. ఆస్తమా, గుండె జబ్బు లాంటివుంటే దించరు, అది దాచకూడదు. నాకు వచ్చిన శిక్షకుడు మాయాబందర్ దగ్గరి కరెన్ కుర్రాడు. 1925లో బ్రిటిష్ వాళ్లు బర్మా నుంచి తెచ్చి ఉత్తర అండమాన్‌లో స్థిరపరిచిన సమాజం వాళ్లది. సముద్రం, పడవ వాళ్లకి పుట్టుకతో వచ్చినవి. అతను మాట్లాడే హిందీ నెమ్మదిగా, ఒక్కో మాట విడదీసినట్టు ఉండేది. నాకు అదే ధైర్యమిచ్చింది.

ముందు నడుములోతు నీళ్లలో సాధన. నోటితో మాత్రమే ఊపిరి తీయాలి. ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదు. కిందికి వెళ్తుంటే చెవుల మీద ఒత్తిడి పడుతుంది, అప్పుడు ముక్కు మూసుకుని మెల్లగా ఊదాలి, చెవుల్లో టప్పుమని తెరుచుకుంటుంది. బొటనవేలు పైకెత్తితే 'బాగుంది' అని కాదు, 'పైకి పోదాం' అని అర్థం. బాగుందని చెప్పాలంటే వేళ్లతో సున్నా చుట్టాలి. ఇవన్నీ చేసి చూపించేదాకా అతను తొందరపెట్టలేదు. ముక్కుతో గాలి పీల్చడం ఆపమంటే ఒళ్లు ఒప్పుకోదు. తల ముంచిన ప్రతిసారీ గుండె దడదడలాడింది. అతను నా కళ్లలోకి చూస్తూ చేత్తో గాలిలో నెమ్మదిగా గీతలు గీసేవాడు, పీల్చు, వదులు అని. ఒక దశలో ఆ చేతి వేగానికి నా ఊపిరి కుదిరింది. ఆ తర్వాత భయం పూర్తిగా పోలేదు గానీ, పక్కకి జరిగి చోటిచ్చింది.

కింద మొదట తెలిసింది చప్పుడు. నీళ్ల కింద నిశ్శబ్దం అనుకుంటాం. అక్కడ మూకుడులో ఆవాలు చిటపటలాడినట్టు ఎడతెగని శబ్దం. పగడాల సందుల్లో ఉండే చిన్న రొయ్యలు కొండి టక్కున మూయడం వల్ల వచ్చేదట. తర్వాత రంగులు. అనెమొనీ అనే జీవి మెత్తటి వేళ్లన్నీ ఊపుతూ రాతికి అతుక్కుని ఉంది, దాని మధ్య నారింజరంగు మీద తెల్ల పట్టీలున్న క్లౌన్ చేపలు. ఆ వేళ్లు కుడితే వేరే చిన్న చేపలు చచ్చిపోతాయి, వీటి ఒంటి మీది జిగురు వీటిని కాపాడుతుంది. అరచేయంత చేప ఒకటి నా మాస్కు మీదకే దూసుకొచ్చింది, తన ఇంటికి దగ్గరగా వచ్చానని. వెనక్కి తగ్గాను.

కాస్త అవతల చిలక చేప పగడపు రాతిని కొరుకుతోంది. దాని నోరు అచ్చం చిలక ముక్కే. కొరికిన చప్పుడు కటుక్కుమని స్పష్టంగా వినపడింది. రాతి మీది నాచు కోసం రాయితో సహా కొరికి, నమిలి, పిండిచేసి, తెల్లటి ఇసుకగా వెనక నుంచి వదులుతుంది. కళ్లముందే వదిలింది, పొగలా. పొద్దున మేం మోకాళ్ల మీద కూర్చున్న తెల్ల ఇసుకలో పగడాల పొడి, గవ్వల పొడి చాలా ఉంటుందని చదివాను. అది తయారవుతుంటే చూస్తానని అనుకోలేదు.

అన్నీ రంగులే కాదు. బూడిద రంగులో, నాచు పట్టి, విరిగిన కొమ్మల కుప్పల్లా చచ్చిపోయిన పగడాలూ చాలా ఉన్నాయి. సముద్రం మామూలు కన్నా వేడెక్కితే పగడం తనలో ఉండే సూక్ష్మమైన నాచుని వదిలేసి తెల్లబడిపోతుంది. వేడి తగ్గకపోతే చచ్చిపోతుంది. అండమాన్‌లో 2010లో అలా పెద్ద ఎత్తున జరిగింది, 2016లో మళ్లీ జరిగింది. శిక్షకుడు ఒక పెద్ద బూడిదరంగు దిబ్బ అంచున చిటికెనవేలంత లేత ఊదారంగు కొమ్మని చూపించాడు, కొత్తగా మొలిచింది. దాన్ని తాకొద్దని వేలు అడ్డంగా ఊపాడు. ఈ దిబ్బ పోతే ఆ తెల్ల గీత పోతుంది. గీత పోతే అల ఒడ్డుకొస్తుంది. విజయ్‌నగర్ పిల్లలు నడుములోతులో ఆడుకునే నీళ్లు అప్పుడు మా విశాఖ నీళ్లలాగే అవుతాయి. ఇక్కడ పగడం మీద కాలు పెట్టి ఫొటోలు దిగేవాళ్లని చూస్తే నాకు కోపం వచ్చింది. ఆపమని చెప్పాను కూడా. చెప్పాల్సిందే.

పైకి వచ్చాక ఆయన మాస్కు తీసి, నీళ్లలోనే, "చూసినవా?" అన్నారు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. బావిలో పెరిగిన మనిషికి కూడా అది కొత్తే.

బాగా ఆకలేసింది. రోడ్డు పక్కన రేకుల పందిట్లో ఒక బెంగాలీ అక్క నడిపే భోజనం. అన్నం, పప్పు, బంగాళదుంప వేపుడు, ఆవపిండి వేసిన చేప కూర. మన చింతపండు పులుసులో ఉండే లాగుడు దీంట్లో ఉండదు, బదులుగా ముక్కులోకి ఎక్కే ఘాటు. ఆమె పక్కన నిలబడి మరో ముక్క వేస్తూనే ఉంది. వాళ్ల అత్తగారు చిన్నపిల్లగా ఓడలో వచ్చిందట. వచ్చినప్పుడు ఇక్కడ అడవి, వాన తప్ప ఇంకేం లేవని చెప్పేదట.

స్కూటర్ అద్దెకి తీసుకుని సాయంత్రం రాధానగర్ వెళ్లాం. దారంతా అడవి, గోడల్లాంటి వేర్లున్న పెద్ద చెట్లు. 2004లో టైమ్ పత్రిక ఆసియాలో అత్యుత్తమ బీచ్ అని రాసింది దీని గురించే. పొగడ్తకి తగ్గదే. పడమటి వైపు తెరుచుకున్న ఒడ్డు కాబట్టి ఇక్కడ అలలున్నాయి, సూర్యాస్తమయం ఉంది. ఉప్పునీటి మొసళ్ల హెచ్చరిక బోర్డూ, ఈతకి వల కట్టిన చోటూ ఉన్నాయి. వల లోపలే దిగాం. చీకటి పడబోతుంటే లైఫ్‌గార్డులు ఈలలు వేసి అందర్నీ బయటికి రప్పించారు. ఒకరిద్దరు విసుక్కున్నారు గానీ, వాళ్లు చేస్తున్నది మనల్ని కాపాడే పని. మేం మొదటి ఈలకే వచ్చేశాం.

మా పథకంలో తర్వాత బారాటాంగ్ దీవి ఉంది, అక్కడి సున్నపురాయి గుహలు. ఆ రోడ్డు ఇక్కడి ఆదివాసులైన జారవాలకి కేటాయించిన అడవి మధ్య నుంచి పోతుంది. వాహనాలన్నీ గుంపుగా, పోలీసు రక్షణతో నడుస్తాయి. ఫొటోలు నిషేధం. ఆ రోడ్డుని మూసేయమని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పటికీ అది నడుస్తోంది, చాలామంది ఎక్కేది గుహల కోసం కాదు, అద్దంలోంచి ఆ మనుషులు కనపడతారేమోనని. వేల ఏళ్లుగా ఇక్కడున్నవాళ్ల ఇంటి మధ్య నుంచి, వాళ్లని అడక్కుండా, కారులో పోవడం మాకిద్దరికీ నచ్చలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర మాట్లాడుకుని దాన్ని తీసేశాం. బస నడిపే అతన్ని గది ఇంకో రోజుకి ఖాళీ ఉంటుందా అని ఆయన అడిగారు. ఉందన్నాడు. ఆ రోజు పొద్దున్నే ఈత నేర్పే మనిషి ఎవరైనా దొరుకుతారా అని నేనడిగాను.

"నేను లేనా?" అన్నారు మా ఆయన.

"మీరు చేతులు తీసేస్తారు" అన్నాను. ఆరు గంటలకి, పోటు రాకముందే, నడుములోతులో మొదలుపెడదామని మాట తీసుకున్నాను.